నల్లదంతా బలం కాదు: పెన్న బురద చెప్పే లెక్క

ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం పల్లెల్లో చెరువులు ఎండగానే జేసీబీలు దిగుతాయి. పూడిక మట్టి ట్రాక్టర్లలో చేలకు పోతుంది. తవ్విన గుంత పక్కగోడను కాసేపు నిదానంగా చూస్తే మట్టి ఒకే రంగులో ఉండదు. పైన జానెడు మందాన బూడిదరంగు మట్టి, పలకలుగా పగిలి అంచులు పైకి లేచి ఉంటుంది. దాని కింద గోధుమ రంగు, అందులో ఎప్పుడో కుళ్లిపోయిన వేళ్ల దారి వెంట తుప్పు చారలు. ఇంకా కిందికి, తడి ఆరని చోట, నీలం కలిసిన నలుపు. ఆ నల్లమట్టి పారకు అంటుకుపోతుంది, మురిగిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. మట్టి తోలే వాళ్లను అడిగితే చాలామంది చెప్పే మాట ఒకటే: "పైది వద్దన్నా, అడుగుది పోయించుకో. అదే బలం."

ఆ నల్ల ముద్దను ఒకటి తీసి చెరువు కట్ట మీద గాలికి పెడితే పొద్దు వాలేలోపు పైపొర గోధుమ రంగుకు తిరగడం మొదలవుతుంది. విరిచి చూస్తే లోపల ఇంకా నల్లగానే ఉంటుంది. సేంద్రియ పదార్థం వల్ల వచ్చిన నలుపయితే ఒక్క పూటలో ఎక్కడికీ పోదు. ఇలా వెలిసిపోయే నలుపు ఐరన్ సల్ఫైడ్‌ది. గాలి తగలగానే ఆ ఇనుము తుప్పుగా మారుతుంది, రంగు మారుతుంది. నంద్యాల, కోవెలకుంట్ల వైపు కుందూ లోయలోని నల్లరేగడిది మరో రకం నలుపు. అంత నల్లగా ఉన్నా ఆ నేలల్లో సేంద్రియ కర్బనం చాలాచోట్ల ఒక శాతం కూడా ఉండదు. అంటే రంగు చూసి బలం లెక్కగట్టడం నమ్మదగిన పద్ధతి కాదు. సేంద్రియ పదార్థం నిజంగానే ఎక్కువగా ఉన్న మట్టిలో కూడా అది మొక్కకు అందుతుందా, చేపకు అందుతుందా, లేక అలాగే పాతరలో పడి ఉంటుందా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు మట్టిలోని సూక్ష్మజీవులు వదిలే ఎంజైముల దగ్గర, అంటే పెద్ద అణువులను ముక్కలు చేసే ప్రోటీన్ల దగ్గర ఉంది.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఒక చెరువు సరిపోదు, పెన్న మొత్తం కావాలి. కర్ణాటకలోని నందికొండల దగ్గర పుట్టి, అనంతపురం, కడప దాటి, 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది ఈ నది. పరీవాహక ప్రాంతం 55,213 చదరపు కిలోమీటర్లు. నడిచి అనడం కూడా ఎక్కువే. అనంతపురంలో ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. చాలా నెలలు పెన్న అంటే ఇసుకే. మట్టి కదిలేది వరద వచ్చిన కొద్ది రోజుల్లోనే. ఆ రోజుల్లో చిత్రావతి, పాపాగ్ని, చెయ్యేరు కుడివైపు నుంచి, కుందూ, సగిలేరు ఎడమవైపు నుంచి వచ్చి కలుస్తాయి. అనంతపురం ఎర్ర గరప నేలల పైమట్టి, కుందూ తెచ్చే రేగడి బంక, వంకల్లో రాలిన కంపచెట్ల ఆకు, చెనక్కాయ పొట్టు, పశువుల పేడ, ఊళ్ల మురుగు, అన్నీ ఒకే నీళ్లలో పోతాయి.

పోతాయి కానీ అన్నీ సముద్రం చేరవు. దారిలో వందల చెరువులు, ఆపైన మధ్య పెన్నార్, గండికోట, మైలవరం, చివర సోమశిల. నీళ్లు ఎక్కడ ఆగితే అక్కడ మట్టి దిగుతుంది. గండికోటకు 26.85 టీఎంసీలు, సోమశిలకు 78 టీఎంసీల సామర్థ్యం ఉంది. ఇంత పెద్ద తొట్టెలో నీళ్లు నిలబడితే బంకమట్టికి కూడా అడుగుకు చేరేంత తీరిక దొరుకుతుంది. ఆగిన మట్టి ఎంత ఉంటుందో ఊహించడానికి పక్క నదిని చూస్తే చాలు. 1953లో నీళ్లు నింపడం మొదలైన తుంగభద్ర డ్యాం అప్పట్లో సుమారు 133 టీఎంసీలు పట్టేది. ఇప్పుడు పట్టేది 105 చిల్లర. మిగతాది బురద ఆక్రమించింది. తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ) నీళ్లు చాలక అనంతపురం రైతు పడే టెన్షన్‌లో ఆ బురదకూ వాటా ఉంది.

కాబట్టి ఊటుకూరు దగ్గర మడచెట్ల కింద ఉన్న నల్ల బురదా, అనంతపురం చెరువు అడుగున ఉన్న నల్ల బురదా ఒకే నది బిడ్డలు. ఒకదానికి ఉప్పు తగిలింది, ఒకదానికి తగల్లేదు. తేడా అంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

నోరు లేని తిండిపోతులు

బాక్టీరియాకు నోరు లేదు, పళ్లు లేవు, పొట్ట లేదు. దాని ఒంటి గోడలో ఉన్న సన్నని దారుల గుండా దూరగలిగినంత చిన్న అణువునే అది తినగలదు. ఆ హద్దు సుమారు 600 డాల్టన్లు (అణువు బరువును కొలిచే ప్రమాణం). గ్లూకోజు బరువు 180, కాబట్టి దూరుతుంది. ఆకులోని సెల్యులోజు, గింజలోని పిండి, చచ్చిన పురుగులోని ప్రోటీను మాత్రం వేలు, లక్షల డాల్టన్ల గొలుసులు. కొండంత తిండి ఎదురుగా ఉన్నా బాక్టీరియా పస్తు ఉండాల్సిందే, దాన్ని ముక్కలు చేసేది ఏదో ఒకటి ఒంటి బయట లేకపోతే.

రాగి సంగటి ముద్దను మింగకుండా నోట్లో కాసేపు నానబెడితే మెల్లగా తీపి తగులుతుంది. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము పిండి గొలుసును చక్కెరగా కోయడం వల్ల వచ్చే తీపి అది. బాక్టీరియా చేసేదీ ఇదే, కాకపోతే ఉమ్మి ముందు, నోరు తర్వాత. ఎంజైములను బురదలోకి వదిలి, అవి కోసి పెట్టిన ముక్కలను పీల్చుకుంటుంది. బురదలో సేంద్రియ పదార్థం కుళ్లే పనిలో మొదటి మెట్టు ఇదే, చాలాసార్లు అన్నిటికన్నా నెమ్మదిగా సాగే మెట్టు కూడా ఇదే.

ఒక్కో గొలుసుకు ఒక్కో కత్తెర. సెల్యులోజుకు ఒకటి చాలదు, మూడు కావాలి. ఒకటి గొలుసును మధ్యలో ఎక్కడంటే అక్కడ తెంపుతుంది, ఇంకొకటి కొసల నుంచి రెండేసి చక్కెరలను ఊడదీస్తుంది, చివరికి బీటా గ్లూకోసైడేజ్ ఆ జంటను విడదీసి గ్లూకోజు చేస్తుంది. ప్రోటియేజ్ ప్రోటీన్ల పని చూస్తుంది. యూరియేజ్ యూరియాను అమ్మోనియా చేస్తుంది, చేలో చల్లిన యూరియా బస్తా పనికొచ్చేది దాని పుణ్యమే, గాలిలో కలిసి పోయేదీ దాని వల్లే. ఫాస్ఫటేజ్ సేంద్రియ పదార్థంలో ఇరుక్కున్న భాస్వరాన్ని విడిపిస్తుంది. ఆరిల్ సల్ఫటేజ్ గంధకం సంగతి చూస్తుంది.

ఇక్కడ ఒక పొదుపు లెక్క ఉంది. ఎంజైము అంటే ప్రోటీను. తయారు చేయాలంటే నత్రజని ఖర్చు, శక్తి ఖర్చు. వదిలాక నీళ్లలో కొట్టుకుపోవచ్చు. అది కోసిన ముక్కను పక్క బాక్టీరియా ఎగరేసుకుపోవచ్చు. కాబట్టి అవసరం లేనిదే ఎవరూ కత్తెర తీయరు. నీళ్లలో భాస్వరం ఎలాగూ దొరుకుతుంటే ఫాస్ఫటేజ్ తయారీ తగ్గిపోతుంది. ఒక బురదలో ఫాస్ఫటేజ్ బాగా ఎక్కువగా ఉందంటే అక్కడ భాస్వరం సమృద్ధిగా ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఆకలి గుర్తు అయ్యే అవకాశమే ఎక్కువ. మురుగు కాలువ కలిసే చోట కర్బనం దండిగా ఉండి ఫాస్ఫటేజ్ తక్కువగా కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. సబ్బులు, మలమూత్రాలు భాస్వరాన్ని ముందే పోసిపెట్టాయి.

కత్తెర ఎంతకాలం పనిచేస్తుందన్నది బంకమట్టి చేతిలో ఉంది. ఎంజైము మట్టి రేణువుకు అతుక్కుంటే దాని పదును కొంత తగ్గుతుంది, ఆయుష్షు పెరుగుతుంది. దాన్ని తయారు చేసిన బాక్టీరియా చచ్చిపోయినా అది పనిచేస్తూనే ఉంటుంది. కుందూ రేగడిలో ఉండే స్మెక్టైట్ రకం బంక ఒక్క గ్రాము పొరలన్నీ విప్పి పరిస్తే వందల చదరపు మీటర్ల విస్తీర్ణం వస్తుంది. ఎర్ర నేలల్లో ఎక్కువగా ఉండే కయోలినైట్ రకం బంకకు అది పదులలోనే ఉంటుంది. అందుకే ఒకే మోతాదు పేడ వేసినా రేగడి దాన్ని దాచుకున్నట్టు గరప నేల దాచుకోలేదు. దాచుకోవడం అంటే రెండు వైపులా పదునున్న మాట. రేణువుల సందుల్లో ఇరికిన సేంద్రియ పదార్థం దగ్గరికి కత్తెర వెళ్లలేదు. లెక్కలో కర్బనం కనిపిస్తుంది, తిండిగా మాత్రం అందదు.

గాలి అందని చోట

బురదలో ప్రాణవాయువు పైపైనే. కదలిక లేని బురదలో కొన్ని మిల్లీమీటర్లు దిగితే అయిపోతుంది. అక్కడి నుంచి కిందికి బాక్టీరియా ఊపిరికి వేరే దారులు వెతుక్కుంటుంది. ముందు నైట్రేటు, తర్వాత మాంగనీసు, ఇనుము, ఆ తర్వాత సల్ఫేటు. ఏదీ దొరకనప్పుడు చివరి దారి మీథేను. ఎక్కువ శక్తి ఇచ్చేది ముందు, తక్కువ ఇచ్చేది తర్వాత. పొయ్యిలోకి ఎండు కట్టె ఉన్నంతసేపు పచ్చి కట్టె ఎవరూ పెట్టరు కదా. చెరువు గుంత పక్కగోడలో కనిపించిన రంగులు ఈ వరుసకు బొమ్మ గీసినట్టే ఉంటాయి. వేళ్ల దారిలో తుప్పు చార అంటే అక్కడిదాకా గాలి దిగింది, కరిగిన ఇనుము మళ్లీ తుప్పుగా పేరుకుంది. నీలి నలుపు అంటే గాలి ఎప్పుడో అయిపోయింది.

చెరువుకూ సముద్రపు ముఖద్వారానికీ తేడా ఈ వరుసలో సల్ఫేటు మెట్టు దగ్గర వస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది. మంచినీటి చెరువులో అది మిల్లీగ్రాముల లెక్క. కాబట్టి అనంతపురం చెరువులో సల్ఫేటు తొందరగా అడుగంటి, పని మీథేను చేసే సూక్ష్మజీవుల చేతికి పోతుంది. నిండిన చెరువులోకి గేదె దిగి అడుగు వేసిన చోట బుడబుడమని బుడగలు లేస్తాయి, వాటిలో ఎక్కువ భాగం ఇదే. ఊటుకూరు వైపు బురదలో సల్ఫేటు తరగనంత ఉంటుంది. సల్ఫేటును వాడుకునే బాక్టీరియా హైడ్రోజన్‌ను, అసిటేటును ముందే లాగేసుకుంటుంది కాబట్టి మీథేను వాళ్లకు మిగిలేది తక్కువ. మీథేను బదులు హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, అదే కోడిగుడ్డు వాసన. అది ఇనుముతో కలిస్తే నలుపు. తీరప్రాంతపు బురదల్లో కుళ్లే సేంద్రియ పదార్థంలో దాదాపు సగం ఈ సల్ఫేటు దారిలోనే కుళ్లుతుందని 1980ల నుంచి ఒప్పుకుంటున్న లెక్క.

ఎర్ర నేలల ఇనుముకు ఇక్కడ ఒక చిన్న పాత్ర ఉంది. అనంతపురం మట్టికి ఆ ఎర్రదనం ఇచ్చేది ఇనుప ఆక్సైడ్లే. ఆ రేణువులు ముఖద్వారం దాకా చేరితే విషమైన సల్ఫైడ్‌ను పట్టి ఐరన్ సల్ఫైడ్‌గా బిగిస్తాయి, నీళ్లలోకి రానివ్వవు. రాయలసీమ ఎర్రమట్టి సముద్రం ఒడ్డున నల్లగా మారి పీతనూ రొయ్యనూ కాపాడుతుందన్నమాట. ఎంతవరకు చేరుతుందన్నదే ప్రశ్న.

నది మట్టి ఉప్పునీటిని తాకిన చోట ఇంకొకటి జరుగుతుంది. బంక రేణువుల మీద రుణావేశం ఉంటుంది, మంచినీటిలో అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతుంటాయి. ఉప్పు కొంచెం పెరగగానే ఆ తోపు తగ్గి, రేణువులు ముద్దలై దిగిపోతాయి. పాలలో నిమ్మరసం పిండినట్టు. వాటికి అంటుకున్న సేంద్రియ పదార్థం, ఎంజైములు కూడా అక్కడే దిగుతాయి. ముఖద్వారాల్లో బురద అంత సారవంతంగా ఉండడానికి ఇది పెద్ద కారణం.

గాలి లేకపోవడం ఎంజైములను కూడా కట్టేస్తుంది. మడచెట్ల ఆకుల్లో, బెరడుల్లో టానిన్లు ఎక్కువ. తోళ్లు ఊనడానికి తంగేడు చెక్కను వాడింది కూడా టానిన్ కోసమే. టానిన్ ప్రోటీన్‌ను పట్టేస్తుంది, ఎంజైము ప్రోటీనే కనుక దాన్నీ పట్టేస్తుంది. టానిన్‌ను విరిచేది ఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము, దానికి ప్రాణవాయువు తప్పనిసరి. గాలి లేనప్పుడు అది పనిచేయదు, టానిన్లు పేరుకుంటాయి, మిగతా కత్తెరలన్నీ మొద్దుబారతాయి. 2001లో ఈ సంగతిని పీట్ నేలల్లో, అంటే సగం కుళ్లిన మొక్కలు నీళ్లలో పేరుకున్న నేలల్లో, చూపించి దీనికి ఎంజైముల గొళ్లెం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మడ బురదలో కర్బనం ఏళ్ల తరబడి నిలవడంలో ఇలాంటి గొళ్లేనికీ వాటా ఉంటుంది. గొళ్లెం తీస్తే, అంటే బురద తవ్వి గాలి తగిలేలా చేస్తే, నిలవున్నదంతా కదులుతుంది.

కొలవడంలో తిరకాసు

మట్టి పరీక్ష కేంద్రంలో సేంద్రియ కర్బనం కొలిచే పద్ధతి 1934 నాటిది, వాక్లీ, బ్లాక్ అనే ఇద్దరిది. నారింజ రంగు డైక్రోమేటు, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం మట్టి మీద పోస్తారు. కర్బనం కాలిన కొద్దీ నారింజ రంగు ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. ఈ వేడికి మొత్తం కర్బనం కాలదు, సగటున 77 శాతమే కాలుతుందని లెక్కగట్టి మిగతాది కలుపుతారు. తర్వాత దాన్ని 1.724తో గుణించి సేంద్రియ పదార్థం అంటారు. చేను మట్టికి ఇది ఫర్వాలేదు. చెరువు అడుగు నల్లమట్టికీ, ముఖద్వారం బురదకూ ఇదే కొలత వేస్తే తప్పుతుంది. సల్ఫైడ్, కరిగే రకం ఇనుము, ఉప్పులోని క్లోరైడ్ కూడా డైక్రోమేటును తినేస్తాయి. ఆ ఖర్చంతా కర్బనం ఖాతాలో పడుతుంది. కాబట్టి క్లోరైడ్‌ను సిల్వర్ సల్ఫేటుతో ఆపాలి, లేదా ఉప్పును ముందే కడగాలి.

కాల్చి చూడడం ఇంకో దారి. కొలిమిలో 550 డిగ్రీల దగ్గర మట్టిని కాల్చి ఎంత బరువు తగ్గిందో చూస్తారు. రేగడి బంక లోపల బిగుసుకున్న నీరు కూడా దాదాపు ఆ వేడికే పోతుంది, అదీ సేంద్రియ పదార్థంలాగే కనిపిస్తుంది. వేడి ఇంకా పెంచితే సున్నం విడిపోతుంది. కడప నాపరాళ్ల దేశం, అక్కడి మట్టిలో సున్నానికి కొదవ లేదు. ఏ పద్ధతిలో కొలిచారో చెప్పకుండా "ఈ బురదలో 6 శాతం సేంద్రియ పదార్థం" అని చెప్పే అంకెకు పెద్ద విలువ ఇవ్వనక్కర్లేదు.

ఎంజైములను కొలిచే తీరు చూడముచ్చటగా ఉంటుంది. ఫాస్ఫటేజ్ కోసం రంగు లేని ఒక ఫాస్ఫేటు ద్రావణం మట్టికి కలిపి 37 డిగ్రీల దగ్గర గంట సేపు ఉంచుతారు. ఎంజైము దాన్ని కోస్తే పసుపు రంగు విడుదలవుతుంది. పసుపు ఎంత చిక్కగా ఉంటే ఎంజైము అంత ఉన్నట్టు. డీహైడ్రోజినేజ్ అనే ఇంకో ఎంజైముకు టెట్రజోలియం ఉప్పు కలిపి ఒక రోజు ఉంచితే ఎర్రగా మారుతుంది. ఈ రెండో పరీక్షకు ఒక ప్రత్యేకత ఉంది: డీహైడ్రోజినేజ్ బతికున్న కణంలోనే పనిచేస్తుంది. ఫాస్ఫటేజ్ అలా కాదు, చచ్చినవాళ్లు వదిలి వెళ్లిన కత్తెర బంకమట్టిని పట్టుకుని ఇంకా కోస్తూ ఉండొచ్చు. ఒకే మట్టిలో పసుపు బాగా వచ్చి ఎరుపు రాకపోతే, వంటసామాను ఉంది కానీ ఇంట్లో మనుషులు లేరని అర్థం.

ఈ అంకెలు చెప్పేది ఎంజైము చేయగలిగినంత పని గురించి. అక్కడ నిజంగా ఎంత చేస్తోంది అన్నది వేరు. పరీక్షలో తిండి కుమ్మరించి, వేడి కుదిర్చి పెడతారు. బురదలో అవేవీ కుదరవు. శాంపిల్ తెచ్చే పద్ధతి కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. చేను మట్టిని గుడ్డ మీద పరిచి నీడలో ఆరబెట్టి పంపడం రైతులకు అలవాటే. ఎంజైములకు అది పనికిరాదు, ఐస్ పెట్టెలో పెట్టి తొందరగా పంపాలి. గాలి తగలని పొర మట్టిని గాలి తగిలేలా కలిపేస్తే చూడబోయింది చూడకముందే మారిపోతుంది.

2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు ఉన్నాయి. నత్రజని, భాస్వరం, పొటాషియం, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాను, ఉదజని సూచిక, లవణ సూచిక, సేంద్రియ కర్బనం. కర్బనం 0.5 శాతం లోపు ఉంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. అనంతపురం చేలల్లో మొదటి మాటే ఎక్కువసార్లు వినిపిస్తుంది. ఈ 12లో ఒక్కటీ సూక్ష్మజీవుల పని గురించి లేదు. ఖజానాలో ఎంత ఉందో రాశారు, తాళం తీసేవాడు ఉన్నాడో లేడో రాయలేదు. ఖర్చుకు భయపడి వదిలేశారనుకుంటే డీహైడ్రోజినేజ్ పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు, రంగు చిక్కదనం కొలిచే మామూలు కలరీమీటర్ చాలు. అనంతపురంలోనే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో వేరుశనగ నేలల్లో పురుగుమందులకు ఈ ఎంజైములు ఎలా స్పందిస్తాయో చాలాకాలంగా పరిశోధనలు జరిగాయి. అంటే ఈ నేలల్లో ఎలా కొలవాలో తెలిసినవాళ్లు జిల్లాలోనే ఉన్నారు.

ఎండితే ఒకచోట మేలు, ఒకచోట కీడు

రాయలసీమ చెరువుకు ఏడాదిలో ఎక్కువ కాలం ఎండే. ఇది బురదకు మంచిదే చేస్తుంది. ఎండినప్పుడు సూక్ష్మజీవుల్లో చాలా భాగం చస్తాయి, మట్టి గడ్డలు పగిలి లోపల దాగిన సేంద్రియ పదార్థం బయటపడుతుంది. తొలి వాన పడగానే మిగిలినవి ఒక్కసారిగా విందుకు లేస్తాయి. చచ్చిన తోటివాళ్ల శరీరాలే మొదటి వడ్డన. ఒకటి రెండు రోజుల పాటు బొగ్గుపులుసు వాయువు గుప్పున లేస్తుంది, నత్రజని విడుదలవుతుంది. తూర్పు ఆఫ్రికా నేలల్లో దీన్ని గమనించి 1958లో రాసిన బిర్చ్ పేరు మీద దీన్ని బిర్చ్ ప్రభావం అంటారు. తొలకరికి లేచే మట్టి వాసన కూడా సూక్ష్మజీవుల పుణ్యమే, ఆక్టినోమైసీట్లు అనే బాక్టీరియా తయారు చేసే జియోస్మిన్ అనే పదార్థానిది. తొలి పదునుకే విత్తనం వేయాలన్న తొందర వెనుక తేమ లెక్కతో పాటు ఈ నత్రజని లెక్క కూడా ఉందో లేదో కానీ, ఉంటే మాత్రం తప్పు లెక్క కాదు.

చేలో చల్లిన పూడిక మట్టికీ ఇదే జరుగుతుంది. చెరువు అడుగున గాలి లేక కట్టుబడిన కర్బనం, గరప నేల మీద ఎండకూ గాలికీ పడగానే వేగంగా కరిగిపోతుంది. ఒకటి రెండు పంటలకు పైరు పచ్చగా కనిపించేది అందుకే. ఆ తర్వాత మిగిలేది బంక. చాలామంది పూడిక మట్టిని ఎరువు అని పిలుస్తారు కానీ ఎర్ర గరప చేనుకు దానివల్ల నిలకడగా వచ్చే లాభం ఈ బంకదే: తేమను పట్టుకుంటుంది, ఎంజైములను పట్టుకుంటుంది, తర్వాత వేసే దిబ్బ ఎరువును కొట్టుకుపోనివ్వదు. ఒట్టి ఇసుక కలిసిన పూడికను ఎన్ని ట్రాక్టర్లు తోలినా డీజిల్ దండగే. చేత్తో తడిపి పొడవుగా తీగలా చుట్టి చూస్తే తెలిసిపోతుంది, తెగకుండా సాగితే బంక ఉన్నట్టు.

చవుడు చెరువు మట్టి అయితే అసలు తోలకూడదు. ఈ సంగతి కొత్తదేమీ కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించిన ఆ శాసనం చెరువుకు ఉండాల్సిన 12 గుణాలు, ఉండకూడని ఆరు దోషాలు చెబుతుంది. ఆ ఆరింటిలో చవుడు నేల ఒకటి.

అదే ఎండ తీరంలో కీడు చేస్తుంది. మడ బురదలో సల్ఫేటు దారిలో పుట్టిన సల్ఫైడ్ కాలం గడిచిన కొద్దీ పైరైట్‌గా, అంటే ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజంగా, మారి నిలవ ఉంటుంది. నీళ్ల కింద ఉన్నంతకాలం దానివల్ల ఇబ్బంది లేదు. రొయ్యల చెరువు కోసం ఆ బురద తవ్వి గట్టు వేస్తే, గట్టు ఎండి గాలి తగిలి పైరైట్ సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతుంది. వానకు ఆ ఆమ్లం చెరువులోకి దిగుతుంది. సున్నం బస్తాలు ఎన్ని పోసినా పులుపు విరగడం లేదని రొయ్యల రైతులు తల పట్టుకునే చోట్ల కొన్నింటిలో కారణం ఇదే. అనంతపురం చెరువులో గాలికి వెలిసే నలుపు కొద్దిపాటిది, తుప్పుగా మారి సరిపోతుంది. తీరంలో అదే రసాయనం ఎన్నో రెట్లు.

ఇక పెన్న చివర ఉన్న బురద ఎటు పోతోంది? ఎగువ మట్టిని రిజర్వాయర్లు ఆపేయడంతో ముఖద్వారానికి చేరే బంక తగ్గుతుంది. బురదలో స్థానికంగా పుట్టినదాని వాటా పెరుగుతుంది: మడ ఆకు, నాచు, ఊళ్ల మురుగు, రొయ్యల చెరువుల నుంచి వచ్చే మిగులు మేత. ఇవన్నీ ఒకటి కాదు. నాచులో ఒక పాలు నత్రజనికి ఆరేడు పాళ్ల కర్బనం ఉంటే, నేల మీద మొక్కల ఆకులో ఇరవై పాళ్లు దాటుతుంది. ఆకు నెమ్మదిగా కుళ్లుతుంది, సెల్యులోజు కత్తెరలకు పని. నాచు, మేత ప్రోటీన్ల మూటలు, ప్రోటియేజ్ వాటిని రోజుల్లో విప్పేస్తుంది, అమ్మోనియా వస్తుంది, ప్రాణవాయువు అడుగంటుతుంది. మొత్తం సేంద్రియ పదార్థం అంకె రెండు చోట్లా ఒకటే ఉండొచ్చు, చేపలు ఒకచోట బతుకుతాయి, ఒకచోట తేలిపోతాయి.

అప్పుడప్పుడు నది ఈ లెక్కనంతా ఒక్క రాత్రిలో తిరగరాస్తుంది. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం కట్ట తెగింది. ఆ వరద మట్టిని జల్లెడ పట్టినట్టు విడగొట్టింది. బరువైన ఇసుక ఒడ్డు పల్లెల పొలాల్లో మేట వేసింది, బంకా సేంద్రియ పదార్థమూ నీళ్లతో పాటు దిగువకు, సోమశిల వైపుకు పోయాయి. ఇసుక రేణువుకు పట్టు లేదు. దాని మీద ఎంజైము నిలవదు, నీరు నిలవదు, తిండి నిలవదు. అలాంటి పొలం మళ్లీ పొలం కావాలంటే యూరియా బస్తాలతో అయ్యే పని కాదు. ఇసుక ఎత్తిపోయగలిగినంత ఎత్తిపోసి, చెరువు బంక తోలి, పచ్చిరొట్ట వేసి కలియదున్నాలి. అప్పుడు కూడా సూక్ష్మజీవులు చేనంతా ఒకేసారి రావు. ముందు జీలుగ, జనుము వేళ్ల చుట్టూ చేరతాయి, వేరు వదిలే చక్కెర కోసం. రెండో ఏడు ఆ చేలో మొక్కను ఊడబెరికితే వేళ్లకు ఇసుక రాలిపోకుండా సన్నగా అంటుకుని వస్తుంది. పని మొదలైందని చెప్పే మొదటి గుర్తు అది.